ముళ్ళకంప తీసిన ఏడు

ఒక అడవిలో వాగు, ఆ వాగు ఒడ్డున ఇసుకతిన్నె ఉండేవి. ఏటా ఎండాకాలంలో తాబేటి పిల్లలు ఆ ఇసుకలోంచి లేచి, బారులు తీరి నీళ్ళలోకి దిగేవి. ఆ వేడుక చూడటానికి పక్క అడవి జంతువులు పండ్లు మోసుకుని వచ్చేవి. వాటికి దారి చూపి, ఆ పండ్లు పుచ్చుకునేది కొండముచ్చు. తాబేలవ్వ గుడ్లు పెట్టిన నాటి నుంచి ఇసుక కింది గుడ్లను ఎవరూ తొక్కకుండా కొండముచ్చు తిన్నెకు అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంచేది. చుట్టాలు ఎవరైనా అవతలి బండ మీదినుంచే చూడాలి.

ఆ ఏడు వానల్లేక ఇక్కడి చెట్లు కాయలేదు. కొండముచ్చు పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి.

"గుడ్లున్న చోటు దగ్గరగా చూపిస్తే రెట్టింపు పండ్లు తెస్తాం," అంది పక్క అడవి ఎలుగుబంటి.

ఒక్క పూటే కదా అనుకుని కొండముచ్చు కంప పక్కకు లాగింది. చుట్టాలు తిన్నెంతా తిరిగి చూసి వెళ్ళాయి.

వేడుక రోజు రానే వచ్చింది. పండ్లు గుట్టగా పోసి చుట్టాలన్నీ బండ మీద కూర్చున్నాయి. పొద్దు నడినెత్తికెక్కినా ఇసుక కదల్లేదు.

"పిల్లలేవి?" అని అడిగింది ఎలుగుబంటి.

కొండముచ్చు ఇసుకలో ఎలుగుబంటి అడుగుల గుర్తుల వంక చూసింది. పండ్లు తిరిగిచ్చేయబోతే తాబేలవ్వ ఆపింది.

"ఉంచు నాయనా, పిల్లలకు పెట్టు. వచ్చే ఏడూ వీళ్ళను రమ్మను. బండ మీదికే."

కొండముచ్చు కంప ఈడ్చుకొచ్చి ఖాళీ తిన్నెకు అడ్డంగా వేసింది. ఒడ్డున దాని పిల్లలు కడుపునిండా తింటున్నాయి. తాబేలవ్వ వాటినే చూస్తూ కూర్చుంది.