సూర్యకాంతం పత్యం

"పిండి మరీ జారైపోనాది. రొట్టె కాదు, అట్టవుద్ది," అంది సూర్యకాంతం, వంటింటి గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని.

గోవిందరావు ఉలిక్కిపడి నీళ్ల చెంబు పక్కన పెట్టేశాడు. టాటానగర్‌లో అంతేసి గూడ్సు బళ్లని పచ్చజెండాతో కదిలించే గార్డు, మినపరొట్టె దగ్గర చేతులెత్తేశాడు పాపం.

"మరిప్పుడేటి సెయ్యాలి?"

"ఇంకో గుప్పెడు బియ్యం నూక కలపండి. మూతెట్టి సన్నసెగ మీద ఒగ్గీయండి. కంగారు పడకండి."

ఇద్దరి పరీక్షల కాగితాలూ పట్టుకుని ఆస్పత్రి నుంచి వచ్చినరోజే చెప్పింది ఆవిడ. డాక్టరు గోధుమ మానమన్నారట. గోధుమ రొట్టెలు, పూరీలు, రవ్వ, ఏదీ కూడదట. నడుం నిలబెట్టలేని మనిషి, వండుకునే ఓపికెక్కడిది? పిల్లల్లేరు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో చుట్టుపక్కలంతా పూటకో రొట్టె కాల్చుకునేవాళ్లే.

తన కోసమైతే గోవిందరావు పస్తు పడుకునేవాడు గానీ పొయ్యి మొహం చూసేవాడు కాదు. భార్య పత్యం అనేసరికి దిగక తప్పలేదు. డ్యూటీ దిగి వస్తూనే యూనిఫాం విప్పి పొయ్యి అంటించేవాడు. చోడంబలి, అదే రాగిజావ, కాచాడు. పెసరట్లు చింపాడు, తర్వాత చింపకుండా నేర్చుకున్నాడు. చారులోకి ఇంత ఇంగువ వేసి, ఇల్లంతా ఘుమఘుమలాడితే తనలో తనే మురిసిపోయాడు.

ఆవిడ రెండు ముద్దలు తిని కంచం ఇటు తోసేది.

"నీ పత్యం నేను తినడమేటే?"

"ఇద్దరికీ రెండు వంటలు సేత్తారా ఏటి? డ్యూటీకీ ఇదే మూట కట్టుకెళ్లండి. బండి దిగి పడుకునే ఆ రన్నింగు రూములో రొట్టెలు తిని, ఎప్పట్లా కడుపట్టుకుని రాకండి."

ఓరోజు రొట్టె ఎర్రగా కాలింది. అంచు విరిస్తే కరకరమంది. సూర్యకాంతం చాలాసేపు నమిలి, "ఇంక పర్లేదు," అంది.

ఆ వారంలోనే పోయింది.

క్వార్టరు బావురుమంది. యార్డులో ఇంజన్ల కేకలే గానీ ఇంట్లో మాటన్నది లేదు. చెయ్యి అలవాటుపడి వండేవాడు. వండుతూ వండుతూ, "మూత తియ్యమంటావా?" అని గుమ్మం కేసి తిరిగేవాడు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. అప్పుడు ఏడుపొచ్చేది.

ఓనాడు ఇంగువ కొనబోతే కొట్టతను మాటల్లో అన్నాడు, "ఇందులో మైదా కలుపుతారు బాబూ, ఉత్తిది ఎవరమ్ముతారు?"

గోవిందరావు పొట్లం కొట్టు బల్ల మీదే వదిలేశాడు. మైదా అంటే గోధుమే కదా! రోజూ చారులో, పప్పులో తన చేత్తోనే వేశాడు. ఆవిడ నోటికందించాడు. ఆ రాత్రి నుంచి ముద్ద దిగలేదు. ఉండబట్టలేక ఆస్పత్రికి వెళ్లి, ఆవిడకి వైద్యం చేసిన డాక్టర్ శాంతకుమార్ ముందు నిలబడ్డాడు.

"నిజం సెప్పండి బాబూ. నా సేతివంటే దాన్ని తినేసిందా? ఇంగువలో మైదా ఉంటాదని నాకు తెల్దు."

"ఆవిడది గుండెజబ్బు గోవిందరావుగారూ. ముదిరిపోయింది. ఎన్నాళ్లో ఉండనని ఆవిడకి తెలుసు. తిండికీ దానికీ సంబంధం లేదు."

"మరి గోధుమ మానమన్నారు కదా?"

డాక్టరు కళ్లజోడు తీసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆవిడని కాదండీ, నేను మానమన్నది మిమ్మల్ని."