దారి తప్పిన ఆవులు

యాకుతియాలోని మా పల్లెలో చలి సున్నాకి యాభై డిగ్రీలు కిందికి దిగితే మంచుపొగ కమ్మేసి, చాచిన చెయ్యి కనబడదు. అయినా గడ్డకట్టిన ఏట్లో గొయ్యి కొట్టి ఆవులకు నీళ్లు పట్టక తప్పదు.

ఫెవ్రోన్య తలుపు తీసేసరికి గుమ్మంలో పొరుగింటి గవ్రీల్, మీసాలకు మంచు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

“ఏటి దగ్గర పొరపాటున మళ్లీ నీ ఆవునే తోలుకుపోయాను.”

“మళ్లీనా! పొదుగు గడ్డకట్టకుండా కుందేలు తోలు తొడుగు వేసి, నువ్వు పోల్చుకుంటావనే దానికి ఎర్ర అంచు కుట్టాను కదయ్యా! కళ్లెక్కడ పెట్టుకున్నావు?”

“రెప్పలు మంచుకి అతుక్కుపోతే ఏం కనబడుతుంది?”

“నోరు మాత్రం అతుక్కోదు నీకు. రా, టీ తాగి పో.”

గవ్రీల్ తీరిగ్గా మూడు కప్పులు తాగాడు. భార్య పోయాక అతని ఇంట్లో టీ పెట్టేవాళ్లు లేరు. భర్త పోయాక ఈమె ఇంట్లో తాగేవాళ్లు లేరు.

మర్నాడు పొగ ఇంకా చిక్కబడింది. ఈసారి గవ్రీల్ తలుపు తట్టింది ఫెవ్రోన్య.

“పొరపాటైంది. నీ ఆవు నా వెంట వచ్చేసింది.”

మా ఆవులు కళ్లకు గంతలు కట్టి వదిలినా తమ కొట్టానికే పోతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మొరాయించే ఆవుని పలుపు పట్టి ఈడ్చుకుపోయిన ఆయాసం తీరక, ఫెవ్రోన్య ఇంకా రొప్పుతూనే ఉంది.