సంచిలోని వైర్లు

"ఆ ఎర్ర వైర్లు వద్దప్పా. వాటిలో రాగితీగె ఉండదు, బొగ్గు దారమే. కార్లకు సరిపోతాయి గానీ, పడవ ఇంజనుకు తడి తగిలితే నిలబడవు."

ఏబెల్‌కు చిర్రెత్తుకొచ్చింది. అడగకుండా సలహా ఇచ్చింది ఎవరో ముసలాయన. సూళ్ళూరుపేటలో భానుచందర్ స్పేర్‌పార్టుల అంగట్లో, ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

పులికాట్ సరస్సు దీవిలో ఏబెల్ పల్లెకు ఇంజను పడవ అతనిదొక్కటే. ప్లగ్గు వైర్లు పగిలి, ఆ పాత ఇంజను రెండు రోజులుగా దగ్గి దగ్గి ఆగిపోతోంది. ఇంట్లో భార్య గ్రేసీకి నెలలు నిండాయి. చిన్న నాటుపడవలో గెడకర్ర వేసుకుంటూ ఒడ్డు చేరడానికి అతనికి మూడు గంటలు పట్టింది. నొప్పులు మొదలయ్యాక ఆమెను అలా తీసుకురావడం కుదిరే పని కాదు.

రాగితీగె వైరు సాయంత్రం బస్సుకు చెన్నై నుంచి వస్తుందన్నాడు భానుచందర్. ముసలాయన కూడా దానికోసమే వచ్చాడట.

"సాయంత్రం దాకా ఆగు," అన్నాడు ముసలాయన.

"ఇంట్లో ఆడమనిషి నిండు నెలలతో ఉండాది. నీ పని నువ్వు సూసుకో పెద్దాయనా."

ముసలాయన కొలతకని ఏబెల్ సంచిలో తెచ్చిన పాత వైర్లను వంచి, చీలికలు చూశాడు.

ఇంతలో గ్రేసీ ఫోను. నడుము లాగుతోందంది. ఏబెల్ ఎర్ర వైర్లే కొని జేబులో కుక్కుకుని, ముసలాయన అందించిన తన సంచి లాక్కుని ఆటో ఎక్కాడు.

"సంచిలోవి పారేయొద్దప్పా," అని వెనక నుంచి వినబడింది.

దీవి చేరి కొత్త వైర్లు బిగించి తాడు లాగితే ఇంజను వెంటనే అందుకుంది. హమ్మయ్య అనుకున్నాడు.

తర్వాత సంచి తీశాడు. అందులో ఉన్న వైర్లు అతనివి కావు. అతనివాటికి నల్ల టేపు ఉండేది. వీటికి నీలం వలదారం చుట్టి ఉంది.

ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు భానుచందర్‌కు ఫోను చేశాడు.

"ఆ ముసలోడు దొంగ. నా వైర్లు కొట్టేసి ఏందో సెత్త అంటగట్టినాడు. మళ్ళీ అంగట్లోకి రానీయొద్దు."

ఆ వైర్లను పడవలో పనిముట్ల పెట్టెలోకి విసిరేశాడు.

తెల్లవారుతుండగా గ్రేసీకి నొప్పులు మొదలయ్యాయి. గాలి కూడా లేచింది. సగం దూరం పోయాక నీళ్ళు ఎగిరి ఇంజను మీద పడ్డాయి. ఇంజను ఆగిపోయింది.

తుడిచి తాడు లాగాడు. మళ్ళీ తుడిచి మళ్ళీ లాగాడు. గ్రేసీ పడవ అంచు పట్టుకుని ప్రభువును పిలుస్తోంది. ఏబెల్‌కు ఏడుపు ముంచుకొచ్చింది.

ఏం చేయాలో తోచక పెట్టె తెరిచాడు. నీలం దారం వైర్లు కనిపించాయి. వాటినే బిగించాడు.

ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. ఒడ్డు చేరేదాకా మళ్ళీ ఆగలేదు.

తొమ్మిదిన్నరకు ఆడపిల్ల పుట్టింది.

మధ్యాహ్నం ఏబెల్ అంగడికి పోయి, తలవంచుకుని ముసలాయన గురించి అడిగాడు.

"ఆదిమూలమా? నిన్న సాయంత్రం బస్సు రాగానే మళ్ళీ వచ్చినాడు," అన్నాడు భానుచందర్. "పొద్దున కొలతకని తన పడవలో నడిచే ఇంజనుకు విప్పి తెచ్చిన నీలం దారం వైర్లు యాడ అని నేనడిగితే, ఎవరికో ఇచ్చేసినానన్నాడు. నేను నమ్మలేదు. నువ్వు సెప్పినావని కొత్త వైరు ఇయ్యకుండా పంపించేసినా. ఈ పొద్దు ఆయన పాడు వంతంట. శానా బతిమాలినాడు."

పాడు వంతంటే ఏమిటో ఏబెల్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. చేపలు బాగా పడే చోట వల వేసుకునే వరస అది. ఇరవై రోజులకొకసారి వస్తుంది. తప్పితే తప్పినట్టే.

కొక్కేనికి రాగితీగె వైరు చుట్ట కొత్తగా వేలాడుతోంది.

ఇరవై రోజులు కాచుకున్న ఆ పొద్దున, వాళ్ళ ఊరి ఒడ్డున కదలకుండా ఉండిపోయిన పడవ ఆదిమూలానిదే.