సగం ఇటుక

ఆ రోజుల్లో ఢిల్లీలో మనుషులకంటే ముందు రాళ్లు క్యూ కట్టేవి.

సరోజినీ నగర్ పాల బూత్ ముందు తెల్లవారుజామున నాలుగింటికే ఇటుకలు, తెగిన చెప్పులు, చిల్లుపడ్డ బకెట్లు బారులు తీరేవి. వాటిని పెట్టినవాళ్లు ఇంటికెళ్లి ఇంకో కునుకు తీసి, ఆరింటికి పాలబండి వచ్చేవేళకు ఖాళీ సీసాలతో తమ రాయి దగ్గర నిలబడేవారు. ఒకరి రాయిని ఇంకొకరు ముట్టరు. డెబ్బై నాలుగులో అంత మర్యాద ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే హైమవతికి ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒక సగం ఇటుక గుర్తొస్తుంది.

ఆమె భర్త చెన్నకేశవులుకు ఫరీదాబాద్‌లో ప్రెస్సు ఉద్యోగం. ఐదింటి బస్సుకు పోతూ ఖాళీ పాలపిండి డబ్బా ఒకటి వరుసలో పెట్టి వెళ్లేవాడు.

చంటిదానికి ఏడో నెల. టైఫాయిడ్ వచ్చి హైమవతికి పాలు ఎండిపోయాయి. ఇక ఆ సీసా పాలే పిల్లకు ఆధారం. వరుసలో ఆఖరి పదిమందికి పాలు అందేవి కావు.

అయినా హైమవతి వెళ్లేసరికి డబ్బా ఎప్పుడూ ముందే, ఏడో చోట ఉండేది. మొగుడి చురుకుతనానికి లోలోపల మురిసిపోయేది.

వరుసలో అందరికన్నా చివర ఒక సగం ఇటుక ఉండేది. అది లింగయ్యది. కరీంనగర్ మనిషి. ఏదో ఆఫీసులో ఫైళ్లు కుట్టే పని. ఒంటరివాడు. రోజూ ఖాళీ సీసాతోనే తిరిగిపోయేవాడు. బండి వచ్చేదాకా మాత్రం వరుస పొడుగునా తిరుగుతూ, రాళ్లను చూసి మనుషుల జాతకాలు చెప్పేవాడు.

"గా బండరాయి జూసినవా బిడ్డా? దాన్ని పెట్టినాయన లోకంల ఎవల్నీ నమ్మడు. పెండ్లాన్ని గూడ."

"ఆ తెగిన చెప్పో?"

"షానా తెలివి! ఒక్కటే చెప్పు, ఎవడెత్కపోతడు? గసుంటోడు దోస్తుకిచ్చినా పనికిరానిదే ఇస్తడు."

"రంగుతో పేరు రాసిన డబ్బా?"

"హెడ్ క్లర్కు. సచ్చి దేవుని కాడికి పోయినా ఫైలు నంబరడుగుతడు."

హైమవతి పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

"మరి మా డబ్బా సంగతేంటి బాబాయిగారూ?"

"గాలొస్తె దొర్లుతది. ఎవలన్న జర చెయ్యి అడ్డం పెట్టాలె."

"మీ సగం ఇటుకో?"

లింగయ్య తల గోక్కున్నాడు.

"సగం ఇటుకకు గోడల చోటుండది బిడ్డా. మేస్త్రి పక్కకు పారేస్తడు. ఆఖర్న సందు మిగిల్తె, గప్పుడు ఎతుక్కుంటడు."

జనవరిలో ఒకరోజు పిల్ల ఏడుపు ఆపకపోయేసరికి, పక్కింటి కమలకు అప్పగించి హైమవతి అరగంట ముందే బూత్‌కు వచ్చింది. మంచు కమ్మేసింది. బూత్ బల్బు వెలుతురులో ఎవరో ఏడో చోట వంగి ఉన్నారు.

లింగయ్య! ఒక చేతిలో తన సగం ఇటుక, ఇంకో చేతిలో హైమవతి డబ్బా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎంత పని చేస్తున్నారండీ! చివర నిలబడి నిలబడి, ఇప్పుడు మా చోటు మీద పడ్డారా? చంటిపిల్ల నోటి దగ్గర పాలు లాక్కుంటారా?"

అప్పుడే వస్తున్న నలుగురూ చుట్టూ మూగారు.

"బుడ్ఢా చోర్ నికలా!" అని ముసలాయన్ని దొంగను చేశాడు బండరాయి ఆసామి.

లింగయ్య డబ్బాను జాగ్రత్తగా ఏడో చోట కింద పెట్టాడు.

"నీ డబ్బా ఈడనే ఉండనీ బిడ్డా. పిల్లకు పాలు గావాలె."

ఇటుక పట్టుకుని వరుస చివరకు నడిచి వెళ్లాడు. ఆ రోజూ ఆయన సీసా ఖాళీయే. తగిన శాస్తి జరిగిందనుకుంది హైమవతి.

మర్నాటి నుంచి సగం ఇటుక కనబడలేదు.

మర్నాటి నుంచే డబ్బా వరుస చివర కనిపించింది. ఒకరోజు కాదు, వరసగా నాలుగు రోజులు. నాలుగు రోజులూ పాలు అయిపోయాయి. ఇదీ ఆ ముసలాయన పనేనేమో, కక్ష తీర్చుకుంటున్నాడేమో అనుకుంది.

"లింగయ్య కహా హై, భయ్యా?" అని బూత్ అతన్ని కోపంగా అడిగింది.

"రిటైర్ హో గయే, దీదీ. చార్ దిన్ పహలే గావ్ చలే గయే." రిటైరై నాలుగు రోజుల కిందటే ఊరెళ్లిపోయాడట.

ఆ సాయంత్రం చెన్నకేశవులు డ్యూటీ నుంచి వచ్చాడు. పిల్ల గంజినీళ్లు ఉమ్మేసి ఏడుస్తోంది.

"నాలుగు రోజుల్నుంచి మన డబ్బా చివర ఉంటోంది. ఆలస్యంగా పెడుతున్నారా ఏంటి?"

అతను చెప్పులు విప్పుతూ ఆశ్చర్యంగా చూశాడు.

"ఆలస్యమేంటే? నేను వెళ్లేసరికే అరవై రాళ్లుంటాయి. మొదటి రోజు నుంచీ నేను పెట్టేది చివరనే కదా!"

హైమవతి చేతిలో ఉగ్గుగిన్నె ఆగిపోయింది.

ఆ ఏడో చోటు ఏనాడూ ఆమె డబ్బాది కాదు, నాలుగింటికే చలిలో లేచి వచ్చిన ఆ సగం ఇటుకది.