టేపులో ఉన్నట్టే

గంట మోగింది.

జోజి నోట్లోంచి క్లారినెట్ తీశాడు. పాట పట్టుమని పావు వంతైనా కాలేదు.

"మళ్ళీ ఊపేవు బాబూ," అంది పియానో దగ్గర కూర్చున్న రూతమ్మ. "స్వరాన్ని అలా ఉయ్యాల ఊపితే జాజ్ అవుతాది. ఇది శాస్త్రీయం. ఉన్నది ఉన్నట్టు వాయించాల."

"నోటికి అలవాటైపోనాదమ్మా. ఇన్నాళ్ళూ హోటల్లో అదే వాయించేను."

"ఇంకొక్క చాన్సు. మళ్ళీ గంట మోగిందంటే ఇంటికెళ్ళిపోడమే."

టెల్కో కాలనీలోని ఆ చర్చి హాలుకు అడ్డంగా నల్ల తెర కట్టారు. దాని వెనక రూతమ్మ భర్త ఎబెనేజర్ మేష్టారు కూర్చున్నారు. వాయించేది ఎవరో ఆయన చూడకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. తప్పు వినిపిస్తే గంట కొడతారు. మొహమాటాలకు చోటుండకూడదని ఆయనే పెట్టిన పద్ధతి. జోజి ఆయన్ని చూసిందీ లేదు, ఆయన గొంతు విన్నదీ లేదు.

గుమ్మం దగ్గర తన వంతు కోసం నిలబడ్డ ఫ్రాంక్లిన్ కిసుక్కున నవ్వాడు. "క్యా భాయ్, పెళ్ళి బారాత్ అనుకున్నావేటి? జుగ్సలాయి గోడౌన్‌లో బస్తాలు మొయ్యడానికి మనుషులు కావాలంట. వెళ్తావా?"

జోజి వాయించే హోటల్లో బ్యాండు తీసేసి డీజేని పెట్టారు. ఇక్కడ నెగ్గితే ఈ చర్చి బడిలో సంగీతం మేష్టారు పని దొరుకుతుంది. నెగ్గకపోతే నిజంగానే బస్తాలు. "ఈసారి కూడా గెంటేత్తే ఆ కర్రని అటకెక్కించీ," అని పొద్దున బాగ్‌బేరాలో గుమ్మం దాటుతుంటే భార్య త్రివేణి చెప్పనే చెప్పింది.

శాస్త్రీయం కోసమని క్లారినెట్ మూతికుండే మెత్తని రీడు పుల్ల తీసేసి గట్టిది బిగించాడు. దాంతో కింది పెదవి లోపల చిట్లి, నాలుకకు ఉప్పగా తగులుతోంది. ఎదుట స్టాండు మీద స్వరాల కాగితం ఉంది గానీ అతనికి చదవడం రాదు. జాజ్ అంతా చెవితో నేర్చుకున్నవాడు. దీన్నీ అలాగే నేర్చుకున్నాడు. ఎప్పుడో జుగ్సలాయి పాత సామాన్ల కొట్లో కొన్న పేరులేని క్యాసెట్‌లో సరిగ్గా ఈ పాటే ఉందని తెలిసి ఎగిరి గంతేశాడు. అందులో ఉన్నది ఒక పియానో, ఒక క్లారినెట్. మధ్యలో ఒక మగగొంతు "ఆపకు! వాయించు!" అని గద్దిస్తుంది. ఎవరో గట్టి మేష్టారు దగ్గరుండి వాయింపజేసిన పాట, ఇంతకన్నా సరైనది ఎక్కడ దొరుకుతుందనుకున్నాడు.

ఈసారి సొంతది ఒక్క పిసరు కూడా కలపకూడదు. టేపులో ఉన్నది ఉన్నట్టే.

కళ్ళు మూసుకుని ఊదాడు. గాలి తగలని దీపంలా స్వరం కదలకుండా నిలబడింది. గంట మోగలేదు.

టేపులో ఊపిరి ఈల వేస్తున్నట్టు లాగిన చోట తనూ అలాగే లాగాడు. పియానో తడబడింది. జోజి ఆగలేదు. రెండేసి స్వరాలకో ఊపిరి. ఇంకా పొట్టిగా, ఇంకా పైపైన, టేపులో ఎలా ఉందో అలా. పియానో పూర్తిగా ఆగిపోయింది. ఓరకంట చూస్తే రూతమ్మ చేతులు ఒళ్ళోకి జారిపోయి ఉన్నాయి. తప్పెక్కడో అతనికి తెలియలేదు. గంటైతే మోగలేదు కదా. ఒక్కడే వాయించుకుపోయాడు. చివరి స్వరం దారంలా సన్నబడి తెగింది. టేపు అక్కడితో అయిపోయింది. జోజి క్లారినెట్ దించాడు.

గుమ్మం దగ్గర ఫ్రాంక్లిన్ ఈసారి నవ్వలేదు.

"ఆపకు!" తెర వెనక నుంచి కేక వినిపించింది. "వాయించు!"

జోజి గుర్తుపట్టాడు. అదే గొంతు. కాస్త వయసు మీద పడింది, అంతే. టేపులో గద్దించిన గొంతు ఇప్పుడు బతిమాలుతోంది.

"వాయించు తల్లీ..."

అతను బెదిరిపోయి రూతమ్మ వైపు తిరిగాడు. "ఇంకేటి వాయించాలమ్మా? నా టేపులో ఇంతే ఉంది."

రూతమ్మ పియానో మూత మెల్లగా దించింది.

"అంతే బాబూ. ఉబ్బసం పిల్ల మా సుకీర్తి. ఊపిరి అక్కడే ఆగిపోనాది."