పాత బొమ్మ మాటే వింటుంది

కొత్త బొమ్మకుక్కను ఎంత ఊపినా టీవీ ఆటలోని కుక్కపిల్ల కదలడం లేదు. బొమ్మ ఎటు కదిలితే అదీ అటు కదలాలట. నా చేతులు పడిపోయాయి గానీ, అది తోకైనా ఊపలేదు.

"అది పాత బొమ్మ మాటే వింటుంది నాన్నా," అంది మా చిన్నది.

"కాలు ఊడిందని దాన్ని సాయంత్రమే కింద చెత్తకుండీలో పడేశాను కదే! నా ప్రాణం తీయకు."

అంతలో కుక్కపిల్ల లేచింది. కుంటుకుంటూ, మెట్లెక్కుతున్నట్టు టప్ టప్‌మని పైకి గెంతసాగింది. చిరాకేసి టీవీ సౌండు పూర్తిగా తగ్గించేశాను.

టప్ టప్ చప్పుడు మాత్రం తగ్గలేదు. అది బయట మెట్ల మీది నుంచి వస్తోంది.

మా గుమ్మం ముందు ఆగింది. తెర మీద కుక్కపిల్ల ముందుకాలు ఎత్తింది.

అప్పటికే చిన్నది, గడియ అందక, తలుపు దగ్గరికి కుర్చీ లాక్కెళ్తోంది.