గొర్రెలిచ్చిన సర్టిఫికెట్

వన్నూరమ్మవ్వ పాత హారన్‌కు బదులుగా గోవిందరాజులు తెచ్చిన కొత్త హారన్ రబ్బరు బుడ్డిని ఎంత పిసికినా, మేస్తున్న గొర్రెల్లో ఒక్కటీ తలెత్తలేదు.

"నీ డూప్లికేట్ వాటికి పనికి రాదప్పా," అంటూ అవ్వ తన ఇత్తడి హారన్‌ను ఒక్కసారి నొక్కింది. నూరు గొర్రెలూ దుమ్ము రేపుకుంటూ దొడ్లోకి పరుగెత్తాయి.

గోవిందరాజులు పులకరించిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలటరీ మోటారుసైకిలును తొమ్మిదేళ్ళుగా బాగుచేస్తున్న అతనికి దొరకనిది ఆ హారన్ ఒక్కటే. అది ఒరిజినలేనని గొర్రెలే సర్టిఫికెట్ ఇచ్చేశాయి!

"ఇది ల్యాకుంటే నా బండిని పాత బండ్ల ఎగ్జిబిషన్లో నిలబెట్టనీరవ్వా."

"నిలబెట్టేకా? అది నడ్సదా?"

"బాగా నడుస్తాది. అరిగిపోతాదని నేనే బయటికి తియ్యను."

"అందుకేనా ధర్మవరం నుంచి ముదిగుబ్బకు బస్సులో వచ్చినావు?"

అతను తల గోక్కున్నాడు.

అవ్వ హారన్‌ను అతని చేతిలో పెట్టింది. "తీస్కపో. దినామూ పొద్దుగూకే యాళకు బండి మింద వచ్చి ఒకసారి కొట్టిపో. నా గొర్రెలు ఇల్లు చేరల్ల గదా!"

"దినామూనా? ముప్పై కిలోమీటర్లవ్వా!"

"మిలటరీ బండే గదప్పా, ఏమైతాది?"

గోవిందరాజులు హారన్ వైపు చూశాడు, గొర్రెల వైపు చూశాడు. ఎన్ని గంటలకు రావాలో అడిగాడు.

ఎనభై ఏళ్ళకు ఆ బండికి మళ్ళీ డ్యూటీ పడింది.